వైద్యవృత్తిలోనివారి వ్యసనరోగము – సంఘము చేయదగిన సహాయము

(వార్షిక మహాసభ రెండవనాటి ఉపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై వైద్యవిద్యలో ప్రవేశము పొందిన మన బాలబాలికలకు శాలువలు కప్పుచున్నాము. సంచికలో వారి ఛాయాచిత్రములను ముద్రించుచున్నాము. మన విద్యార్థి వసతిగృహమున నుండి చదివి డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టులు, ల్యాబు టెక్నీషియన్లు అయినవారు నేడు మనలో అనేకులు గలరు. సంతోషింపదగిన విషయమే. కాని శాలువ కప్పిన పది పదునైదేండ్లకు వారెట్లున్నారో మనము విచారించుట లేదు. పెక్కురు బాగుగనే యున్నారు. కొందరు మాత్రము అలసి సొలసి నిద్రమాత్రకో, మద్యమునకో, ఇంజెక్షనుకో లోబడియున్నారు. వారిని గూర్చి ఇండ్లలో గుసగుసలే గాని సభలో మాట పుట్టదు. శుభమా యని సభ జరుగుచుండగా ఈ ప్రస్తావన యేల యని కొందరు పెద్దలు మమ్ము వారించిరి. వారియెడల గౌరవముతోనే యీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మందుల గుణము తెలిసినవాడు మందునకు బానిస యెట్లగునని పలువురడుగుదురు. ఆ తెలివియే ఒక్కొక్కప్పుడు ద్వారము తెఱచును. 1884వ సంవత్సరమున వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను యువవైద్యుడు, కొకెయిన్ ద్రావణమును కంటిలో వేసినచో నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని వెల్లడించెను. ఆ వార్త విని న్యూయార్కునందలి విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు సహచరులతో గూడి ఆ మందును తమ శరీరములందే నరముల చెంత ఎక్కించుకొని పరీక్షించెను. నరము మొద్దుబారెను, శాస్త్రము ముందడుగు వేసెను, ఆయన మాత్రము కొకెయిన్‌కు వశుడయ్యెను. 1886లో ప్రావిడెన్సు నగరమందలి బట్లర్ ఆసుపత్రిలో రోగిగా చేరెను. అచ్చట కొకెయిన్ మాన్పుటకు మార్ఫిన్ ఇచ్చిరి. అది జీవితాంతము వెన్నంటెను.

పిదప ఆయన బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్యశాఖకు అధిపతియై ఒక తరము వైద్యులను తీర్చిదిద్దెను. నేడు ప్రతి ఆపరేషను గదిలోను కనబడు రబ్బరు చేతితొడుగులు వ్యాప్తిలోనికి వచ్చుటకును ఆయనయే ముఖ్యకారకుడు. క్రిమిసంహారక ద్రావణమువలన చేతులు పొక్కిన కారొలైన్ హాంప్టన్ అను నర్సుకొఱకు మొదట వానిని చేయించెను; 1890లో ఆమెనే వివాహమాడెను. హాల్‌స్టెడ్ మార్ఫిన్ సంగతి సహవైద్యుడగు విలియం ఆస్లర్ ఎఱిగియుండి, గుప్తముగ వ్రాసియుంచిన కాగితములలో చేర్చెను. 1922లో హాల్‌స్టెడ్ గతించెను. ఆ కాగితములు 1969లోగాని లోకమునకు తెలియలేదు. మిత్రుల ఆదరముచే ఆయన వృత్తి నిలిచెను. కాని రహస్యముతోబాటు రోగమును నిలిచెను. మన కుటుంబములలోను సరిగా ఇట్లే జరుగుచున్నది. భేదమేమన, మనవారికి హాప్కిన్స్ వంటి ఆశ్రయము లేదు.

ఆసుపత్రి లోపలి సంగతి తెలియనివారికి కొంత చెప్పవలసియున్నది. మత్తు డాక్టరు చేతిలో ఫెంటనిల్ అను మహాశక్తిగల మందు దినదినము ఆడుచుండును. వార్డు నర్సు చేతిలో మందుల బీరువా తాళముండును. పి.జి. విద్యార్థికి రేయింబవళ్లు ముప్పదియాఱు గంటలు ఒకే డ్యూటీగా గడచుట అపురూపము కాదు. ఎడతెగని డ్యూటీ సాధారణముగ 12 గంటలకు మించరాదని 1992లోనే కేంద్రప్రభుత్వము ఉత్తరువు వెలువరించినది. 2024లో జాతీయ వైద్యకమిషను నియమించిన కార్యదళము వారమునకు 74 గంటలకు మించరాదనియు, వారమున కొకదినము సెలవుండవలెననియు సిఫారసు చేసినది. ముప్పదిరెండేండ్లలో కోరిక తగ్గలేదు సరికదా, కోరుటకే సంకోచము పెరిగినట్లు మాకు తోచుచున్నది.

మన వసతిగృహమున నుండి చదివిన ఒక సోదరి కథ మేమెఱుగుదుము. ఊరు పేరు చెప్పము. ఆమె ఆర్థోపెడిక్ వార్డులో స్టాఫ్ నర్సు. కాలువిరిగిన రోగులను ఎత్తి దించి, ఎత్తి దించి ఆమె నడుము పట్టుకొన్నది. సెలవు దొరకలేదు. రోగికి వేయగా ఆంపూలులో మిగిలిన ట్రమడాల్‌ను ఒకనాటి రాత్రి తానే వేసికొన్నది. నొప్పి తగ్గినది, మఱియొకటి తగ్గినది, అనగా దిగులు. ఆఱునెలలకు మిగిలినది చాలకపోయెను. బీరువా లెక్కలో తేడా వచ్చెను. మేనెజిమెంటు వారు రాజీనామా వ్రాయించుకొని పంపిరి. చికిత్స మాట ఒక్కరును ఎత్తలేదు. ఇంటివారు గ్రహపీడ యని చెప్పి, రెండు మాసములలో పెండ్లి చేసిరి. పెండ్లియైన నాలుగవమాసమున అలవాటు తిరుగబెట్టెను.

ఇందు ఆ సోదరి దోషమెంత, మన దోషమెంత యని తూచుటకు మేము పూనుకొనము. ఒక్కటి గమనింపుడు. ఆమె సహోద్యోగులకు ముందే జాడ తెలిసియుండవలసినది. వేసవిలో పొడుగుచేతుల రవికె, కోరి కోరి తీసికొను నైట్ డ్యూటీలు, మాటిమాటికి ఆంపూలు పగిలినదని రిజిస్టరులో వ్రాత, ఇంజెక్షను వేసినను నొప్పి పోలేదని రోగుల మొఱ: ఇవన్నియు జాడలే. చూచినవారు ఉద్యోగము పోవునని జాలితో ఊరకుండిరి. ఆ జాలియే ఆమెకు మఱి నాలుగు నెలల రోగమును, రోగులకు నాలుగు నెలల నొప్పిని తెచ్చిపెట్టినది.

ఇక అలసట విషయము. దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు బర్న్‌అవుట్. కాలి బూడిదయగుట యన్నమాట. 1974లో న్యూయార్కున హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త ఉచిత వైద్యశాలలో పనిచేయువారిని చూచి, తానును అందు పనిచేసి, దీనిని గూర్చి వ్రాసెను. క్రిస్టీనా మాస్లాక్ అను విదుషి 1981లో దీనిని కొలుచుటకు ఒక ప్రశ్నావళిని ప్రకటించెను. ఆమె లెక్క ప్రకారము మనస్సు ఎండిపోవుట యొకటి. రోగి మనిషిగ గాక బెడ్డు నంబరుగ తోచుట యొకటి. నేను చేయు పని వలన ఒరిగినదేమి యను నిరాశ యొకటి. మన పల్లెలలో గుండె రాయియైపోయినదందురే, అది రెండవదానికి చక్కని తెలుగు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనిని రోగముగ గాక, ఉద్యోగమునుండి పుట్టు స్థితిగ పేర్కొన్నది. ఆ మాట ముఖ్యమైనది. ఉద్యోగమునుండి పుట్టినదానిని ప్రాణాయామముతో మాత్రమే పోగొట్టుకొమ్మని ఉద్యోగికి బోధించుట, కప్పు కురియుచుండగా గొడుగు పట్టుకొని పండుకొమ్మనుట వంటిది. గంటలు తగ్గవలెను, మనుషులు పెరుగవలెను. అలసటకు విశ్రాంతి చాలవఱకు మందు. వ్యసనమునకు మాత్రము విశ్రాంతి చాలదు. పని లేని పగళ్లలో అది ముదురును. కావున సెలవు పెట్టి ఇంటికి రమ్మనుటతోనే బాధ్యత తీరినదని తలంపరాదు.

ఒట్టు పెట్టించుట మన వాడుక. దేవుని పటముముందు కర్పూరము వెలిగించి మానెదనని ప్రమాణము చేయింతుము. భక్తిని కాదనము. కాని ఏండ్లతరబడి ప్రతిదినము అధికముగ త్రాగినవాడు ఒక్కసారి మానినచో రెండు మూడు దినములలో మూర్ఛలు, సన్నిపాతమువంటి భ్రాంతి కలుగవచ్చును, ప్రాణమును పోవచ్చును. డాక్టరు పర్యవేక్షణలో, థయమిన్ మొదలగు మందులతో మాన్పింపవలెను. ఆల్ప్రజోలం వంటి మాత్రలను క్రమక్రమముగ తగ్గింపవలెను. నల్లమందు జాతి మందులకు బుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ అనునవి గలవు. ఇంకొక సంగతి ప్రతి గృహిణియు ఎఱిగియుండదగినది: ఈ జాతి మందులను కొన్నాళ్లు మానినవాని శరీరము పూర్వపు మోతాదును ఓర్వజాలదు. చికిత్స పొంది ఇల్లు చేరినవాడు పాత మోతాదునే ఒక్కసారి వేసికొన్నచో ఊపిరి ఆగి చనిపోవచ్చును. ఇంటికి వచ్చిన మొదటి వారములే మిక్కిలి కనిపెట్టియుండవలసిన కాలము. డాక్టరైనవాడు తన చికిత్స తానే చేసికొనుట అన్నిటికన్న చెడ్డది.

అమెరికాలో ఆక్రన్ పట్టణమున రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడుండెను. మద్యమువలన వృత్తి చెడి, 1935 జూన్ 10వ తేదీ తరువాత మఱి ముట్టలేదు. బిల్ విల్సన్ అను, తనవలెనే త్రాగి మానిన వర్తకునితో గూడి ఆల్కహాలిక్స్ అనానిమస్ సమాజమును స్థాపించెను. తరువాత సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అను సన్యాసినితో గలసి వేలకొలది త్రాగుబోతులకు చికిత్స చేసెను. 1950లో మరణించువఱకు నిలుకడగ నుండెను. ఆ సమాజము 1957లో మన దేశమునకు వచ్చినది. అందు రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు.

1973లో అమెరికా వైద్యసంఘము రోగియైన వైద్యుని గూర్చి నివేదిక ప్రకటించిన పిదప ఆ దేశపు రాష్ట్రములలో క్రమముగ ప్రత్యేక కార్యక్రమము లేర్పడినవి. వాని రీతి యిది. జబ్బుపడిన డాక్టరును వెంటనే పనినుండి తప్పింతురు. చికిత్సకు పంపుదురు. తరువాత సాధారణముగ ఐదేండ్లవఱకు ముందు చెప్పకయే పిలిచి మూత్రపరీక్ష చేయుచుందురు. పనిచోట నొకరు కనిపెట్టియుందురు. షరతు నిలుపుకొన్నవానికి లైసెన్సు నిలుచును. ఇట్టి 16 కార్యక్రమములలో చేరిన 904 మంది వైద్యుల వృత్తాంతమును 2008లో బ్రిటిషు మెడికల్ జర్నల్ ప్రకటించినది. ఐదేండ్లకు, ఫలితము తెలిసినవారిలో నూటికి సుమారు 78 మంది లైసెన్సుతో పనిచేయుచునే యుండిరి. వ్యసనము బాగుకాదను లోకాభిప్రాయమునకు ఇంతకన్న గట్టి సమాధానము మేము చూడలేదు. పోగొట్టుకొనుటకు లైసెన్సు, భరించుటకు ధనము గలవారు గనుక వారికది సాధ్యమైనదని కొందరందురు. నిజమే. మన ఆశా కార్యకర్తకు, మన ఆర్.ఎం.పి.కి ఆ బలము లేదు. లేనివారికి ఆ బలమును సమకూర్చుటయే గదా సంఘము పని! అమెరికాలో వైద్యులైయున్న మన పోషకులకు ఈ ఏర్పాటు తెలియనిది కాదు. తెలిసినదానిని ఇచ్చట నాటుటకు తోడ్పడవలెనని వారిని వేడుచున్నాము.

మన దేశమున అట్టి ఏర్పాటు ఇంకను వేళ్లూనలేదు. అయినను చేతులు ముడుచుకొని కూర్చుండుటకు కారణము లేదు. బెంగుళూరు నిమ్హాన్సులో వ్యసనచికిత్సా విభాగము గలదు. ఘాజియాబాదులో ఎయిమ్సువారి జాతీయకేంద్రము గలదు. చెన్నపట్టణమున శాంతి రంగనాథన్ గారు 1980లో నెలకొల్పిన టి.టి.కె. ఆసుపత్రి గలదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డయందును, విశాఖపట్టణమందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు గలవు. దారి చూపుటకు 14446, మనోవ్యథ చెప్పుకొనుటకు 14416 అను ఉచిత టెలిఫోను సంఖ్యలు గలవు. డీఅడిక్షను సెంటరని బోర్డు కట్టి, గదిలో పెట్టి తాళము వేసి కొట్టు తావులును లేకపోలేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యచట్టము ప్రకారము రిజిస్టరైన సంస్థయో కాదో విచారింపక ఎవ్వరిని చేర్పింపరాదు. రోగి సంగతి గోప్యముగ నుంచవలెనని ఆ చట్టమే శాసించుచున్నది. 1985వ సంవత్సరపు మత్తుపదార్థముల చట్టమున 64-ఏ సెక్షను, స్వల్పపరిమాణమున వాడి, స్వయముగ చికిత్సకు వచ్చి పూర్తిచేసికొన్న వ్యసనపరుని కేసునుండి కాపాడును. పోలీసు భయముచే దాగియున్నవారికి ఈ మాట చేర్పుడు.

ఆ నర్సు సోదరి యేమైనదని మీ రడుగవచ్చును. ఆమె అత్తగారు, పెద్దగ చదువుకొనని యామె, కోడలిని వెంటబెట్టుకొని చికిత్సకు తీసికొనిపోయి రెండు మాసములు పక్కన పండుకొన్నది. నేడా సోదరి టీకాల విభాగమున పనిచేయుచున్నది. బీరువా తాళము చేతబట్టదు. అది తానే కోరిన నియమము. మధ్య నొకసారి తిరుగబెట్టినది, మరల వెళ్లినది. చికిత్సాకాలమున ఇంటి అద్దెకు, పిల్లవాని పాలకు ఆ అత్తగారు మెడలోని గొలుసు అమ్మిరి. సంఘనిధిలో అప్పటికి డబ్బు లేక కాదు; అడుగుటకు వారికి నోరు రాలేదు, అడిగినచో ఇచ్చుటకు మనకు నియమము లేదు.

కావున విద్యానిధి వడ్డీలో పదవవంతును వేఱుపరచి, చికిత్సకు పోవు వైద్యసేవకుల కుటుంబములకు మూడు మాసముల ఖర్చు ఇచ్చుటకు ఒక తీర్మానము ప్రతిపాదించియున్నాము. డాక్టరు, నర్సు, ఆయా, అంబులెన్సు డ్రైవరు అను భేదము ఉండరాదు. తిరుగబెట్టినవారికి రెండవసారియు ఇయ్యవలెను. ఇది రేపు ఉదయము తొమ్మిది గంటలకు విషయనిర్ణయసభలో చర్చకు వచ్చును. దానికి మేమే యొక సవరణ చేర్చితిమి: ఈ పద్దులో లబ్ధిదారుల పేర్లు వ్రాయరాదు, సంఖ్యలు మాత్రమే వ్రాయవలెను, పేర్ల పట్టిక కోశాధికారియొద్ద ఒక్కచోటనే యుండవలెను, వార్షిక సంచికలో అది ఎన్నడును అచ్చుపడరాదు.