పాఠశాలలో సముదాయాల చరిత్ర: ఆంధ్రదేశపు అనుభవం

ఒక నేల మీద కలిసి బతుకుతున్న వేర్వేరు సముదాయాల భాష, వృత్తి, ఆచారం, వలస, పోరాటం, సాహిత్యం ఆ సముదాయాల వైపు నుంచి పిల్లలకు నేర్పే చదువును సముదాయ అధ్యయనం అనవచ్చు. అమెరికాలో ఇది 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాల విద్యార్థుల సమ్మెతో ఒక పాఠ్యవిషయంగా నిలబడింది. నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ విద్యార్థులు ఏకమై సాగించిన ఆ సమ్మె 1969 మార్చిలో ముగిసేసరికి ఈ చదువు కోసం ప్రత్యేక కళాశాల ఏర్పాటుకు ఒప్పందం కుదిరింది. తెలుగునాట దీనికి ప్రత్యేకమైన పేరు గానీ పీరియడ్ గానీ లేవు. అయినా ఆ ఆలోచన ఇక్కడ అంతకు అర్ధశతాబ్దం ముందే ఉంది.

ఈ చదువుకు రెండు పనులున్నాయి. తన ఇంటి భాష, తన వాళ్ల చరిత్ర బడిలో కనిపించని పిల్లకు అవి కనిపించేలా చేయడం మొదటిది. పక్క వాడ పిల్లల గురించి మిగతా పిల్లలందరికీ తెలియజెప్పడం రెండోది. తెలుగునాట మొదటి పని అక్కడక్కడ జరిగింది. రెండోది చాలావరకు మిగిలే ఉంది.

1. సవర బడి, బెజవాడ సభ, మార్లవాయి

పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863–1940) చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నాడు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో గానీ ఒడియాతో గానీ దానికి చుట్టరికం లేదు. తెలియని భాషలో అక్షరాలు దిద్దవలసివచ్చిన సవర పిల్లలకు చదువు అందదని గుర్తించి, ఆయన వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశాడు, బడులు పెట్టాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. వాడుక భాష ఉద్యమ నాయకుడిగా ఆయన్ను ఆగస్టు 29న రాష్ట్రమంతా తలుచుకుంటుంది. పెద్దల వాడుకకు బడిలో చోటు ఉండాలన్న వాదానికీ, సవర పిల్ల మాటకు బడిలో చోటు ఉండాలన్న ఆచరణకూ ఆయనలో వేరు ఒకటే.

రెండో ఘట్టం బెజవాడది. 1917 నవంబరు మొదటివారంలో ఇక్కడ ఆంధ్ర ప్రాంతపు పంచమ మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు పూనికతో జరిగిన ఈ సభకు హైదరాబాదులో దళిత పిల్లల కోసం బడులు నడిపిన భాగ్యరెడ్డివర్మ (1888–1939) అధ్యక్షుడు. దళితులకు అంటగట్టిన పంచములనే పేరును సభ నిరాకరించింది. ఈ నేలకు తొలి నివాసులం కాబట్టి ఆది ఆంధ్రులమని ప్రకటించుకుంది. తర్వాత మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును అధికారికంగా అంగీకరించింది. తమ చరిత్రను తామే చెప్పుకునే హక్కును ఒక సముదాయం బహిరంగ సభలో ప్రకటించుకున్న ఈ ఘట్టం విజయవాడ బడిపిల్లలకు తమ ఊరి చరిత్రగా తెలియవలసినది.

మూడోది నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు. 1940లో జోడేఘాట్ వద్ద గోండు నాయకుడు కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో మరణించాక, గోండుల అశాంతికి కారణాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన సూచన మేరకు 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. చదువు నేర్చుకున్న గోండు యువకులే గూడేల్లో పంతుళ్లయ్యారు. పాలన మారాక గోండీలో బోధన వెనకబడిపోయింది. పుస్తకం, లిపి, ఉపాధ్యాయుడు అన్నీ సమకూరినా, ప్రభుత్వం మారినప్పుడు నిలబెట్టే ఏర్పాటు లేకపోతే ఇలాంటి చదువు ఎంత తొందరగా కూలిపోతుందో మార్లవాయి చూపించింది.

2. రాజ్యాంగం, చట్టం, 2004 ప్రయోగం

1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో బోధించే వసతి కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. సాధ్యమైనంత వరకు బోధన పిల్లవాడి తల్లిభాషలో ఉండాలన్నది 2009 విద్యాహక్కు చట్టం. కనీసం అయిదో తరగతి వరకు ఇంటిభాషకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది 2020 జాతీయ విద్యావిధానం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. గోండీ, కోయ, కొలామీ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. పిల్లలు మొదట ఇంటిభాషలో చదవడం, రాయడం నేర్చుకుని క్రమంగా తెలుగులోకి రావాలన్నది పద్ధతి. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయులు, ఊరి పెద్దలు కలిసి కూర్చుని కథలు, పాటలు, పొడుపుకథలు, పంటల పేర్లు, పండగల వివరాలు పోగుచేసి పాఠాలుగా మలిచారు. ఆ పుస్తకాల బలమంతా ఆ పద్ధతిలో ఉంది. రాష్ట్ర విభజనతో గోండీ, కొలామీ ప్రాంతాలు తెలంగాణకు వెళ్లాయి. సవర, కొండ, కువి ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి.

ఉపాధ్యాయుల విషయంలో ఒక పెద్ద మలుపు చెప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో జీవో 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే, పిల్లల భాష తెలిసిన పంతులు బడిలో ఉండేలా చూసే మరో మార్గాన్ని ప్రభుత్వాలు వెతకాలి. భాష రాని ఉపాధ్యాయుడి చేతిలో కోయ వాచకం మూసిన పుస్తకంగానే మిగిలిపోతుంది.

3. డెల్టా తరగతి గది

బెజవాడ సభను మినహాయిస్తే, పైన చెప్పిన ప్రయత్నాలు ఎక్కువగా కొండ ప్రాంతాలవి. కృష్ణా డెల్టా పరిస్థితి వేరు. ఇక్కడ ఒక బడికి ఒక సముదాయం ఉండదు. విజయవాడ గవర్నర్‌పేట వంటి నగరపు వాడలోని బడిలో మాల, మాదిగ, ఎరుకల, యానాది, సుగాలీ, దూదేకుల, వడ్డెర, పద్మశాలి పిల్లలు, భూమి ఉన్న కులాల పిల్లలు, మార్వాడీ వ్యాపారుల పిల్లలు పక్కపక్కన కూర్చోవచ్చు. వీళ్లలో కొందరి ఇంటిభాష తెలుగు కాదు. ఎరుకల వాళ్ల కుర్రు భాష తమిళానికి దగ్గరది. సుగాలీల భాష ఉత్తరాది భాషల కుటుంబానిది. పేరు పేరునా పిలిచే హాజరు పట్టీలో ఈ వైవిధ్యమంతా ఉంటుంది. పాఠంలో మాత్రం దాని జాడ పలచన.

డెల్టా సముదాయాల్లో మౌనానికి ఎక్కువగా గురైంది ఎరుకల చరిత్ర. 1871 నేరస్థ జాతుల చట్టం కొన్ని సముదాయాలపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. 1911 చట్టం తర్వాత అది మద్రాసు రాష్ట్రంలోనూ అమలైంది. బాపట్ల దగ్గర ఎరుకల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ చట్టపు సృష్టి. మనుషుల్ని ఒకచోట నిర్బంధించి, హాజరు వేయించుకుని, కదలికలకు అనుమతి పెట్టిన ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. స్టూవర్టుపురం పేరు మీద పడిన మచ్చ సినిమాల్లో, మాటల్లో కొనసాగింది. 1970ల నుంచి విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత లవణం ఆ ఊళ్లో పునరావాసం కోసం పనిచేశారు. హేమలత మహాకవి గుర్రం జాషువా కుమార్తె, లవణం ఆ కేంద్రాన్ని స్థాపించిన గోరా కుమారుడు. స్టూవర్టుపురం పిల్ల బడిలో కూర్చున్నప్పుడు పక్క పిల్లకు ఈ చట్టం సంగతి తెలిసి ఉంటే, ఆ ఊరి పేరు విని నవ్వదు. ఈ చదువు వల్ల కలిగే మేలు ఇంత సూటిగా ఉంటుంది.

1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట గురించి చెప్పేటప్పుడు కట్టించిన ఇంజనీరు ఓర్ పేరుతో పాటు రాయి కొట్టినవాళ్లు, మట్టి మోసినవాళ్లు ఎవరన్న ప్రశ్న కూడా రావాలి. పెడన, మచిలీపట్నం కలంకారీ గురించి చెప్పేటప్పుడు అద్దకం పనివాళ్ల కుటుంబాల బతుకు కూడా పాఠంలో భాగం కావాలి. డెల్టా సంపదను ఎవరి చేతులు తయారుచేశాయో చెప్పకపోతే ఆ పాఠం సగమే.

4. ప్రాథమిక దశలో

అయిదో తరగతి లోపు పిల్లలకు చరిత్ర కన్నా చుట్టూ ఉన్న లోకం దగ్గర. ఇంట్లో వాడే పనిముట్లు, వంటలు, పాటలు, పొడుపుకథలు, చెట్ల పేర్లు, వీధుల పేర్లు ఈ దశకు సరిపోతాయి. ఒకే వస్తువును ఎవరింట్లో ఏమంటారో పిల్లలు చెబుతుంటే ఉపాధ్యాయుడు బోర్డు మీద రాయవచ్చు. బుట్టలల్లే తల్లిని, వలవేసే తాతను, చేనేత మగ్గం తెలిసిన పెద్దను బడికి పిలిచి ఆ పని చూపించమనవచ్చు. వాళ్లు బడికి వచ్చింది చుట్టాలుగా కాదు, పాఠం చెప్పేవాళ్లుగా అన్న సంగతి పిల్లలకు అర్థం కావాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఏ పిల్లనూ లేపి నిలబెట్టి, తన కులానికో తెగకో ప్రతినిధిగా మాట్లాడమనకూడదు. ఇష్టమున్న పిల్ల చెబుతుంది, ఇష్టంలేని పిల్ల వింటుంది. వృత్తిని చూపించేటప్పుడు, ఆ కుటుంబపు పిల్లలు అదే పని చేయాలన్న భావన కలగకుండా చూడాలి.

5. ఉన్నత పాఠశాల దశలో

ఆరో తరగతి నుంచి ఆధారాలతో కూడిన చరిత్ర మొదలుపెట్టవచ్చు. ఆరు, ఏడు తరగతుల్లో ఊరి చరిత్ర, వలసలు, భాషల చుట్టరికాలు. ఎనిమిదిలో బ్రిటిషు పాలన పాఠంతో పాటు నేరస్థ జాతుల చట్టం, జనాభా లెక్కలు, 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం. ఒక అధికారి బయటినుంచి చూసి రాసినదానికీ, ఆ సముదాయంలోని పెద్ద చెప్పినదానికీ తేడా ఎక్కడుందో విద్యార్థులు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆధారాన్ని పరీక్షించే అలవాటు అక్కడే మొదలవుతుంది.

తొమ్మిది, పదిలో 1917 బెజవాడ సభ, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, కుసుమ ధర్మన్న రచనలు, జాషువా ‘గబ్బిలం’ చరిత్రతో కలిపి చదవాలి. రాజ్యాంగపు 17వ అధికరణం, అయిదో షెడ్యూలు ఈ చరిత్రకు కొనసాగింపుగా రావాలి. 1985 కారంచేడు, 1991 చుండూరు ఈ నేల మీద దళితులపై జరిగిన హత్యాకాండలు. కారంచేడు తర్వాత దళిత మహాసభ ఏర్పడింది, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. పదో తరగతి పిల్లలు వీటిని అర్థం చేసుకోగలరు. దాచిపెడితే వాళ్లు వాటిని సగం అబద్ధాలతో బయట వింటారు. బాధితుల బాధతో పాటు వాళ్లు నిర్మించిన ఉద్యమం, సాహిత్యం కూడా చెప్పినప్పుడే పాఠం పూర్తవుతుంది.

6. ఫలితం, అభ్యంతరాలు, ఏర్పాట్లు

శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో మార్కులు తక్కువగా ఉన్న తొమ్మిదో తరగతి విద్యార్థుల మీద థామస్ డీ, ఎమిలీ పెన్నర్ చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. సముదాయ అధ్యయనం చదివినవాళ్ల హాజరు 21 శాతం పాయింట్లు పెరిగినట్టు అందులో తేలింది. అరిజోనా రాష్ట్రం 2010లో టూసాన్ నగరపు మెక్సికన్ అమెరికన్ పాఠాలను చట్టంతో అణచింది. 2017లో ఫెడరల్ న్యాయస్థానం ఆ చర్యను జాతివివక్షగా తీర్పు చెప్పింది.

ఇలాంటి పాఠం పిల్లల్ని విడదీస్తుందన్న అభ్యంతరం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. కులం, తెగ పేర్లు పిల్లలకు వీధిలో, ఇంట్లో, ఆటలో ముందే తెలుసు. తిట్టుగా తెలుసుకున్నదాన్ని చరిత్రగా తెలియజేయడం బడి పని. ఒక సముదాయాన్ని పొగడటానికి ఇంకొకదాన్ని కించపరిచే పాఠం మాత్రం ఈ చదువు కిందికి రాదు. ఒకే సముదాయంలో ఆడవాళ్ల అనుభవం, మగవాళ్ల అనుభవం వేరన్న సంగతి కూడా పాఠంలో ఉండాలి.

కొత్త సబ్జెక్టు పెట్టి పిల్లలపై భారం పెంచనవసరం లేదు. తెలుగు, సాంఘికశాస్త్రం, పరిసరాల విజ్ఞానం పాఠాల్లోనే దీనికి చోటు దొరుకుతుంది. జిల్లాకొక స్థానిక చరిత్ర వాచకం ఆ సముదాయాల పెద్దలతో, రచయితలతో కలిసి తయారు కావాలి. డైట్ కళాశాలల్లో కాబోయే ఉపాధ్యాయులు ఒక గూడేనికో పేటకో వెళ్లి మౌఖిక చరిత్ర సేకరించడం శిక్షణలో భాగం కావాలి. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణ సంస్థలు పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు ఈ చిన్న వాచకాలు కూడా వేయాలి. పరీక్షలో తేదీల కన్నా, పిల్లలు సేకరించి రాసిన ఊరి చరిత్రకు మార్కులు ఇవ్వాలి. మార్లవాయిలో జరిగినట్టు ప్రభుత్వం మారితే ఆగిపోకుండా ఉండాలంటే ఈ ఏర్పాట్లు రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రంలోనే చేరాలి.