కనబడని గోడ వైపు

ఈ రోజు మనం మాట్లాడుకునేది 24 సెకన్లలో ముగిసిపోయే ఒక కళ గురించి. పురుషుల 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్, అంటే వెల్లకిల ఈతలో వేగపు పోటీ. టీవీలో ఎప్పుడైనా మీ కంటపడే ఉంటుంది. ఎనిమిది మంది నీళ్లు ఎగజిమ్ముతూ వచ్చారు, గోడ తాకారు, ఎవరో గెలిచారు. ఇందులో చూడ్డానికి ఏముంది అనిపించి ఉంటుంది కూడా. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలా ఉంది.

మా పెద్ద అంబర్‌పేట్, హయత్‌నగర్ వైపు పెద్దవాళ్లకు ఈ భంగిమ కొత్తది కాదు. నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చిన తరం వాళ్లది. ఆయాసం వచ్చినప్పుడు వెల్లకిల తిరిగి, చెవులదాకా నీళ్లలో ఉంచి, ఆకాశం చూస్తూ తేలేవాళ్లు. వాళ్లకది విశ్రాంతి. పోటీకి దిగినవాడికి మాత్రం అదే భంగిమ ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. వెళుతున్న వైపు కనబడదు. బోర్లా ఈదేవాళ్లకు కొలను అడుగున నల్లగీత దారి చూపిస్తుంది, గోడ ఎదురొస్తుంది. ఇక్కడ గోడ తల వెనకాల ఉంటుంది. కనబడని ఆ గోడను పూర్తి వేగంతో చేరుకోవడమే ఈ ఈతలోని కళ. పోటీని నాలుగు చోట్ల గమనిస్తే అది మనకూ అందుతుంది.

మొదటిది, ఆరంభం. మిగతా ఈతల్లో దిమ్మ మీది నుంచి దూకుతారు. ఇందులో ముందే నీళ్లలోకి దిగి, దిమ్మకున్న పిడులు పట్టుకుని, రెండు పాదాలూ గోడకు ఆనించి వేలాడతారు. పాదాలు జారకుండా గోడకు తగిలించే సన్నని పలక 2014 నుంచి పెద్ద పోటీల్లోకి వచ్చింది. సంకేతం వినబడగానే తల వెనక్కి విసిరి, వీపు విల్లులా వంచి, నీటికి పైనుంచి ఎగురుతారు. ఇక్కడ చూడాల్సింది నడుమును. చేతులు నీళ్లలోకి దిగిన చోటే తల, నడుము, కాళ్లు కూడా వరసగా దిగితే చప్పుడు తక్కువ, వేగం ఎక్కువ. నడుము ముందే నీటికి తగిలితే చప్పుడు పెద్దదై, అక్కడే వేగం పోతుంది. కళ్లు మూసుకుని విన్నా ఆ తేడా తెలుస్తుంది.

రెండోది, మనకు కనబడని భాగం. దూకిన తరవాత కొన్ని క్షణాలు నీటి మీద ఎవరూ ఉండరు. అడుగున వెల్లకిలగా, చేతులు తలకు పైన కలిపి, రెండు కాళ్లూ ఒక్కటిగా ఆడిస్తూ వెళ్తుంటారు. నీటి ఉపరితలం మీద అలలు రేపడానికి పోయే శక్తి లోపల మిగులుతుంది. అందుకే లోపలి ప్రయాణం వేగంగా సాగుతుంది. ఈ రహస్యాన్ని లోకానికి చూపించినవాడు అమెరికా ఈతగాడు డేవిడ్ బెర్కాఫ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పోటీలో మొదటి 35 మీటర్ల దాకా అతను నీటి అడుగునే ఉండిపోయేవాడు. హీట్స్‌లో 54.51 సెకన్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఫైనల్లో మాత్రం జపాన్‌కు చెందిన డైచి సుజుకి 55.05 సెకన్లలో వచ్చి స్వర్ణం తీసుకున్నాడు. సుజుకి కూడా అదే విద్య సాధన చేసినవాడే. ఇలాగే వదిలేస్తే వెల్లకిల ఈత కాస్తా నీటి లోపలి ఈత అయిపోతుందని, ఈ దూరాన్ని మొదట 10 మీటర్లకు కుదించి, ఆ తరవాత 15 మీటర్లు చేశారు. ఇప్పుడు 15వ మీటరు దగ్గరికి వచ్చేసరికి తల పైకి తేలి తీరాలి. ఈతగాళ్ల వరసలను వేరుచేసే తాళ్లకున్న బిళ్లల రంగు అక్కడ మారుతుంది. ఎవరు ముందు తేలారన్నది అంత ముఖ్యం కాదు. తేలిన క్షణంలో ఎవరి వేగం తగ్గలేదో చూడండి.

మూడోది, తల. చేతులు గిర్రున తిరుగుతుంటాయి, భుజాలు అటూ ఇటూ ఒరుగుతుంటాయి, కాళ్ల దగ్గర నీళ్లు ఉడుకుతున్నట్టుంటాయి. ఇంత కదలిక మధ్య తల కదలదు. నుదుటి మీద నీళ్ల గ్లాసు పెట్టి, అది ఒలకకుండా ఈదమనే సాధన ఒకటి ఉంది. తల కదిలితే నడుము పక్కకు పోతుంది, మనిషి తాడు వైపు జరుగుతాడు. పైకప్పు ఉన్న కొలనులో పైనున్న దూలాలు కొంత ఆసరా. ఆరుబయట అదీ ఉండదు. చేయి నీటిలోకి దిగేటప్పుడు చిటికెన వేలు ముందు దిగాలి. నీటి అడుగున ఆ అరచేయి ఒక పట్టు పట్టి, శరీరాన్ని దాని మీదుగా జరుపుతుంది. మంచి ఈతగాడిని చూస్తే చేతులు తొందరపడుతున్నట్టు అనిపించదు.

నాలుగోది, ముగింపు. గోడకు 5 మీటర్ల ముందు, నీటికి 1.8 మీటర్ల ఎత్తున చిన్న జెండాల తోరణం ఉంటుంది. గోడ జాడ ముఖ్యంగా చెప్పేది అదే. జెండాలు కంటపడ్డాక ఎన్ని చేతులు వేస్తే గోడ వస్తుందో ప్రతి ఈతగాడికీ లెక్క ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి సొంతింటి మెట్లు దిగినట్టు, శరీరమే ఆ లెక్క గుర్తుపెట్టుకుంటుంది. ఆఖరి చేతికి తలను కూడా వెనక్కి విసిరి, వేలికొసలతో గోడను అందుకుంటారు.

గోడను అందుకునే ఆ క్షణం మీదే 2022 జూన్ 25న బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వివాదం పుట్టింది. 50 మీటర్ల ఫైనల్లో అమెరికాకు చెందిన జస్టిన్ రెస్ 24.12 సెకన్లలో మొదట వచ్చాడు. అతని సహచరుడు హంటర్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 24.14. దూరంలో చెప్పాలంటే దాదాపు 4 సెంటీమీటర్ల తేడా. కానీ గోడ తాకే క్షణంలో రెస్ ఒళ్లంతా నీళ్లలో మునిగిందంటూ అతన్ని అనర్హుడిగా ప్రకటించారు. శరీరంలో ఏదో ఒక భాగం పైకి కనబడాలన్నది అప్పటి నియమం. అమెరికా జట్టు అప్పీలు చేసింది. వీడియో చూశాక నిర్ణయం మారి స్వర్ణం తిరిగి రెస్‌కే దక్కింది. పోలండ్ కుర్రాడు క్సావెరి మషుక్ మూడోవాడు. మరుసటి ఏడాది ఈత పోటీల నియమాలు చూసే వరల్డ్ ఆక్వాటిక్స్ సంస్థ ఆ నియమాన్నే మార్చింది. తల చివరి 5 మీటర్ల గుర్తు దాటాక ఒళ్లు పూర్తిగా మునిగినా ఇప్పుడు తప్పు లేదు. వేగం కోసం వెనక్కి విసిరిన తల నీళ్లలోకి వెళ్లడం సహజమని నియమమూ ఒప్పుకుందన్నమాట. ఈ ఈతలో ప్రపంచ రికార్డు రష్యాకు చెందిన క్లిమెంట్ కోలెస్నికోవ్ 2023లో ఈదిన 23.55 సెకన్లు.

మనవాళ్లు ఎక్కడున్నారని అడుగుతారు కదూ. బెంగళూరు కుర్రాడు శ్రీహరి నటరాజ్ 2021 జూన్‌లో రోమ్‌లో 100 మీటర్లను 53.77 సెకన్లలో ఈది టోక్యో ఒలింపిక్స్ అర్హతకు కావాల్సిన ‘ఏ’ ప్రమాణాన్ని దాటాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ఫైనల్లో 25.23 సెకన్లతో ఐదో స్థానంలో నిలిచాడు. బుడాపెస్ట్ విజేతకూ అతనికీ తేడా ఒక్క సెకను పైచిలుకు. నీటిలో అది రెండు మీటర్లకు మించిన దూరం. ఆ రెండు మీటర్లు ఎక్కడ పోయాయో ఇందాక చెప్పుకున్న నాలుగు చోట్లా వెతకడం నేర్చుకుంటే, ఓడినవాడి ఈతను కూడా ఆస్వాదించగలం.

ఇలాంటి పోటీ చూడ్డానికి విదేశాలకు పోనక్కరలేదు. 2003లో ఆఫ్రో ఆసియా క్రీడల ఈత పోటీలు జరిగింది మన గచ్చిబౌలి కొలనులోనే. 2023 జూలైలో సీనియర్ జాతీయ పోటీలూ అక్కడే జరిగాయి. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నేరుగా ఆ వైపే తీసుకెళ్తుంది. 50 మీటర్ల వెల్లకిల ఈత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2001 నుంచి ఉన్నా, ఒలింపిక్స్‌లోకి రావడం 2028 లాస్ ఏంజెలిస్‌లోనే మొదలు. కాబట్టి కన్ను అలవాటు చేసుకోవడానికి ఇదే సమయం.

ఈసారి పోటీకి వెళ్తే ఆరంభం దిమ్మల దగ్గర చోటు కోసం తోసుకోకండి. గమ్యం వైపు, జెండాల తోరణానికి ఎదురుగా కూర్చోండి. ఒక్క ఈతగాడినే ఎంచుకుని, జెండాల కింద నుంచి గోడ దాకా అతని చేతులు లెక్కపెట్టండి. పొద్దున హీట్స్‌లో, సాయంత్రం ఫైనల్లో కూడా లెక్కపెట్టి చూడండి. గెలవాలన్న ఒత్తిడిలోనూ ఆ సంఖ్య మారలేదంటే, పతకం ఎవరికి వచ్చినా సరే, మీరు మంచి ఈతగాడిని చూశారన్నమాట.