హాగరును అడిగిన దేవుడు

ఆదికాండము 16వ అధ్యాయము తెరచి ఉంచుకొనండి. అందులోనికి వెళ్ళకముందు నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకోవాలి.

మా సంఘములో ఒక తల్లి ఉన్నారు. కుమారుడు కువైట్‌లో పని చేస్తాడు. మన కోనసీమలో ఇటువంటి ఇల్లు లేని వీధి ఏది? అమ్మ ఒంటరిగా ఉంటుందని, క్రిందటి సెలవులకు వచ్చినప్పుడు వంటింటి గుమ్మము పైన చిన్న కెమెరా బిగించి వెళ్ళాడు. అక్కడ డ్యూటీ దిగి ఫోను తెరిస్తే ఇక్కడ అమ్మ కనబడుతుంది. ప్రేమతోనే పెట్టాడు, సందేహము లేదు.

ఒకరోజు రేకుల మీద కొబ్బరి మట్ట పడింది. ఆ చప్పుడుకు ఆమె చేతిలోని పళ్ళెము వదిలేసి, చెవులు మూసుకొని, గోడవారగా కూలబడిపోయారు. కెమెరా అంతా పట్టింది. కుమారుడు దానిని బంధువులకు పంపాడు, వారు ఇంకొకరికి పంపారు. ఆదివారము ఆరాధన తరువాత ఒక యౌవనస్థుడు నాకూ చూపించాడు. నేను నవ్వాను. సేవకుడనై యుండి నవ్వాను.

ఆ వారమే వారింటికి ప్రార్థనకు వెళ్తే కెమెరాకు చేతిరుమాలు కట్టి ఉంది. "నేను దడుచుకోవడం చూసి నవ్వుకోడానికా అయ్యగారండి ఇది పెట్టింది?" అన్నారామె. అప్పుడు గుర్తుకు వచ్చింది, ఆమె పుట్టిల్లు నగరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ గ్యాస్ పైపులైను పగిలి, ఊరిని కమ్ముకొన్న గ్యాసుకు నిప్పంటుకొని 20 మందికి పైగా ప్రాణాలు విడిచారు. ఆ ఉదయము ఆమె ఆ ఊరిలోనే ఉన్నారు. 1995లో పాశర్లపూడి బ్లో అవుట్ మంట రెండు నెలలకు పైగా చూచినవారు, 1996 నవంబరు తుఫానులో చెట్లు విరుగుతుంటే విన్నవారు మనలో ఇంకా ఉన్నారు. అటువంటివారికి మట్ట పడిన చప్పుడు మట్టతో ఆగదు.

పైగా, చప్పుడు వినగానే సెకనులో పదో వంతు గడవకముందే రెప్పలు వాలిపోతాయి, భుజములు బిగుసుకొంటాయి. ఆలోచన ఆ తరువాత వస్తుంది. "అంత ప్రార్థనాపరురాలు అలా దడుచుకొందేమిటి" అని ఆ వీడియో చూచినవారు అన్నారట. దేవుడు ఇచ్చిన శరీరము చేసే పనికి విశ్వాసములో మార్కులు వేస్తామా?

హాగరును చూడండి. ఐగుప్తు దాసి. పరాయి ఇంట శ్రమ పడలేక అరణ్యమునకు పారిపోయింది. గల్ఫు ఇళ్ళలో పనిచేసి వచ్చిన మన అక్కచెల్లెండ్రకు ఈ అధ్యాయము నేను వివరించనక్కరలేదు. దేవుడు తనను చూచుచున్నాడని ఆమె ఆయనకు పెట్టిన పేరు 13వ వచనములో ఉంది. ఆ మాట చాలా ఇళ్ళలో గోడ మీద వ్రాయించుకొంటారు. 8వ వచనము ఎవరూ వ్రాయించుకోరు. అక్కడ దూత ఆమెను, ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. తెలియక అడిగాడా? ఆమె సంగతి ఆమె నోట చెప్పుకోనిచ్చాడు.

కుమారునికి ఫోను చేశాను. ముందు నా నవ్వుకు క్షమాపణ అడిగాను. తరువాత, "కెమెరా పెట్టేముందు అమ్మను అడిగావా బాబూ?" అన్నాను. కొంతసేపు మాట్లాడలేదు. "పడిపోతే ఎవరు చూస్తారండి అయ్యగారు, భయమండి" అన్నాడు. ఆ భయమూ నిజమే. ఆ రాత్రి తల్లీ కొడుకులు చాలాసేపు మాట్లాడుకొన్నారు. వీడియో తీసివేయమని అందరికీ చెప్పాడు. కొందరు తీసివేశారు, కొందరి ఫోనులలో ఇంకా ఉండవచ్చు. కెమెరా ఇప్పుడు వసారాలో, వీధి తలుపు వైపు ఉంది. మధ్యాహ్నము ప్రక్కింటి కోడలు ఒకసారి వచ్చి పలకరించి వెళ్తుంది.

ప్రార్థన చేసుకొందాము.