ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



1914వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెజవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకొనగా జరిగిన ఆ సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. ఆయన చిన్ననాటి నుండియు చూపు మాంద్యముతో బాధపడినవారు. దరిమిలా ఆ కొంచెపు చూపును పోయినది. అయినను ఆయన రచన ఆగలేదు. తాము చెప్పుచుండగా ఇతరులచే వ్రాయించిరి. పుస్తకమును కంటితో సుఖముగా చదువలేని వ్యక్తి పుస్తకాలయముల సభకు పెద్ద యగుట వింతగా తోచవచ్చును. కాని ఆయనకు చదివి వినిపించువారు, చెప్పినది వ్రాసిపెట్టువారు దొరకిరి. దొరకనిచో తెలుగువారు ఏమి కోల్పోయి యుందురో లెక్క కట్టుట కష్టము. అట్లు దొరకని బిడ్డలు నేడును మన యిండ్లలో కలరు. వారిని గూర్చియే యీ ప్రసంగము.

చిన్నయసూరి నీతిచంద్రికను ఈ గ్రంథాలయమున చదువనివారు తక్కువ. అందు సుదర్శనుడను రాజు తన కొడుకులకు చదువు అబ్బలేదని చింతించును. విష్ణుశర్మ వారిని తన కప్పగింపుమని తీసికొనిపోవును. సంస్కృత పంచతంత్రమున ఆ రాజు పేరు అమరశక్తి; కొడుకులు ముగ్గురు; గడువు ఆరు మాసములు. మనము కాకి, తాబేలు, ఎలుకల కథలను జ్ఞాపక ముంచుకొని, అవి యెందుకు పుట్టినవో మరచితిమి. పిల్లలకు శాస్త్రము ఎక్కకున్న విష్ణుశర్మ పిల్లలను మార్చుటకు పూనుకొనలేదు, పాఠమును మార్చెను. ద్రోణుడును అంతియే. భీమునికి గద, అర్జునునికి విల్లు, నకుల సహదేవులకు ఖడ్గము. అందరికిని ఒకే ఆయుధ మిచ్చి, భీముడు గురి తప్పెనని బెత్తము పట్టుకొనలేదు. (ఏకలవ్యుని విషయమున ఆ గురువు చేసినది వేరు సంగతి, దానిని సమర్థించుటకు ఎవరికిని నోరు రాదు.)

ఇక పురాణమును విడిచి విజయవాడ వన్ టౌనుకు వత్తము. కాళేశ్వరరావు మార్కెట్టు దాటి, కొత్తపేట వైపున కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇండ్లున్న సంగతి అక్కడికి సరుకుకు పోవు మీ రెరుగుదురు. అట్టి యొక యింట ఏడేండ్ల బాలు డున్నాడని ఊహింపుడు. తండ్రి ఒక దుకాణమున గుమాస్తా. బాలుడు పుట్టినప్పుడు వెంటనే ఏడువలేదు. ఏడాది గడచినను కూర్చుండలేదు. కాళ్ళు బిగిసి యుండును. మాట స్పష్టముగా రాదు. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, ఆ వెంటనేనో మెదడునకు కలిగిన దెబ్బ చేత కండరములు మాట వినకుండుట దీని లక్షణము. మాట తొట్రుపడిన మాత్రమున బుద్ధి లేదని కాదు. ఆ బాలుడు అమ్మ చెప్పు ప్రతి మాటను గ్రహించును; తండ్రి అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడగానే నవ్వును. అయినను దగ్గరి బడివారు వీనిని చూచి, మా వద్ద ఇట్టివారికి సదుపాయము లేదని పంపివేసిరి. తల్లి వానిని భుజము మీద వేసికొని డెబ్బది మెట్లు దిగి, తిరిగి డెబ్బది మెట్లు ఎక్కెను. బిడ్డ యేటేట బరువగుచున్నాడు. తల్లి నడుము మాత్రము ఒక్కటియే.

ఇట్టి ఇంట మొదట పోవునది కాలము. వీని తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవని నాయనమ్మ ధైర్యము చెప్పును. ఆమె ప్రేమను తప్పు పట్టరాదు. కాని రెండేండ్లు నిండినను బిడ్డ రెండు మాటలు కలిపి పలుకనిచో, పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడనిచో, వేచియుండుట తగదు. మొదట చెవి పరీక్ష చేయింపవలెను. వినని బిడ్డను మొండివాడని కొట్టిన యిండ్లు లేకపోలేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో ఆరంభమైనది. దాని ప్రకారము వైద్య బృందము అంగన్వాడీకి ఏడాదికి రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలకు ఒక మారు వచ్చి పిల్లలను పరీక్షింపవలెను. పుట్టుక నుండి పదునెనిమిదేండ్ల వరకు గలవారు దీని పరిధిలోనివారు. లోపము కనబడినచో జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బృందము వచ్చు దినమున బిడ్డను ఇంట దాచుట మన పొరపాటు. నలుగురిలో తల వంపులని దాచువారు ఇంకను కలరు.

ఇప్పుడు అసలు విషయము. గ్రామ లెక్కలలో అడంగలు అను పుస్తకము కలదు. అందు ఒక్కొక్క సర్వే నెంబరునకు వేరు వేరు పంక్తి: విస్తీర్ణ మెంత, నీరెక్కడిది, ఏ పైరు వేసిరి అని. ఊరి భూమి అంతయు ఒకటేయని ఒకే పంక్తి వ్రాసిన లెక్క లెక్క కాదు. కాలువ చివర నీరందని చేనిలో వరి ఎదుగలేదని భూమిని తిట్టు రైతు మన డెల్టాలో లేడు. అతడు మినుము చల్లును. బిడ్డకును అట్టి పంక్తి యొకటి కావలెను. దానినే వ్యక్తిగత విద్యా ప్రణాళిక యందురు. అమెరికాలో 1975వ సంవత్సరపు చట్టము ప్రతి వికలాంగ బాలునికిని ఇట్టి ప్రణాళికను వ్రాతపూర్వకముగా, తల్లిదండ్రులను కూర్చుండబెట్టుకొని, సిద్ధము చేయవలెనని శాసించినది.

కొండ మీది బాలుని పంక్తి ఎట్లుండును? మొదట నేడు వాడు చేయగలుగునది వ్రాయవలెను: ఆసరా ఉన్న కూర్చుండును, బొమ్మను చూచి గుర్తించును, కుడి చేయి ఎడమ చేతికంటె మేలు. పిమ్మట సంక్రాంతి నాటికి చేయవలసినది: చెంచా పట్టుట, నీరు, ఆకలి, మరుగుదొడ్డి అను మూడింటికి మూడు బొమ్మలను చూపి తెలుపుట, చింతపిక్కలతో పది వరకు లెక్కించుట. తరువాత ఎవరు, ఎప్పుడు అనునది: వ్యాయామము తల్లికి నేర్పువా డెవరు, వారమునకు ఎన్ని మారులు, పాఠము చెప్పువా రెవరు. కడపట, మూడు నెలల తరువాత తిరిగి కూర్చుండి చూచు తేదీ. ఈ తేదీ లేని ప్రణాళిక వసూలు కాని బాకీ వంటిది. ‘వాడు బాగుపడవలెను’ అని వ్రాసిన అది కోరిక యగును. ‘పది చింతపిక్కలు’ అని వ్రాసిననే లెక్క యగును.

అన్ని లోపములును కంటికి కనబడవు. చక్కగా ఆడును, పాడును, కథ చెప్పిన తిరిగి చెప్పును. పుస్తకము తెరచినంతనే మాత్రము బెదరు బాలుడు ప్రతి బడిలో నుండును. పకు షకు, వకు మకు భేదము వాని కంటికి నిలువదు. గుణింతము వచ్చునప్పటికి ఒత్తులు, కొమ్ములు తారుమారగును. మనము వానిని సోమరి యందుము. నేర్చుకొనుటలో ప్రత్యేక వైకల్యమని దీనిని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము పేర్కొనినది. వీనికి ఇసుకలో వ్రేలితో వ్రాయించుట, అక్షరమును అట్టతో కత్తిరించి తడిమించుట, నోటితో జవాబు చెప్పనిచ్చుట మేలు. మరియా మాంటిసోరి గరుకు కాగితపు అక్షరములను పిల్లలచే తడిమించినది. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చినది. మన పాతకాలపు వీథిబడిలోని ఇసుక పలుకలు ఆ పనియే చేయుచుండెను గదా!

ఆ 2016వ సంవత్సరపు చట్టమును ప్రతి తల్లియు ఎరుగుట మంచిది. 1995 నాటి చట్టము స్థానమున వచ్చిన ఇది ఇరువదియొక్క వైకల్యములను లెక్కించినది. ప్రభుత్వపు డబ్బు గాని, ప్రభుత్వపు గుర్తింపు గాని గల ఏ పాఠశాలయు వివక్ష లేక బిడ్డను చేర్చుకొనవలెను. అవసరమైనచో ఒక్కొక్కరికి తగిన సహాయము ఏర్పరుపవలెను. నలుబది శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆరు నుండి పదునెనిమిది యేండ్ల వరకు ఉచిత విద్య హక్కు. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు అను సదుపాయములును అందే కలవు. చిలకమర్తివారికి మిత్రుల దయ వలన దొరకినది ఈనాటి బిడ్డకు చట్టము వలన దొరకవలెను. బడికి పోజాలని తీవ్ర వైకల్యము గలవారు ఇంటి వద్దనే విద్య పొందవచ్చునని విద్యాహక్కు చట్టమునకు 2012లో సవరణ వచ్చినది. మన రాష్ట్రమున సమగ్ర శిక్షా క్రింద మండలములలో భవిత కేంద్రములు నెలకొల్పబడినవి. అచటి ప్రత్యేక ఉపాధ్యాయులు కేంద్రమున బోధించుటయే గాక, కదలలేని పిల్లల యిండ్లకును పోవలసియున్నది. సమగ్ర శిక్షా పద్దులో ఒక్కొక్క బిడ్డకు ఏటికి 3,500 రూపాయలు కేటాయింపు. బాలికలకు పది నెలల పాటు నెలకు 200 రూపాయల భత్యమును అందులోనిదే. ఇది చాలునా యని యడిగిన చాలదు. వ్యాయామము నేర్పు నిపుణునికి ఒకే వారమున ఎన్ని ఊళ్ళు తిరుగుట సాధ్యమో ఎవరైనను ఊహింపవచ్చును.

ఇచట ఒక మాట నిష్ఠురముగా చెప్పక తప్పదు. వైకల్య ధ్రువపత్రమునకై జనులు పడు పాటు చూచినచో, దాని వెనుక ఉన్నది పింఛను మాత్రమే యని తోచును. 2024 జూలై నుండి ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది. పేద యింటికి అది చిన్న మొత్తము కాదు. తీసికొనుటలో సిగ్గుపడ నక్కరలేదు. కాని ఆ ధ్రువపత్రమును ట్రంకుపెట్టెలో దాచి, అదే కాగితముతో బడిలో హక్కు కలదని మరచుట సగము పంటను కల్లములో విడిచి వచ్చుట వంటిది. జాతీయ ట్రస్టు వారి నిరామయ అను ఆరోగ్య భీమా లక్ష రూపాయల వరకు చికిత్సలకు వర్తించును; సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారు దానికి అర్హులు. బుద్ధి వికాసము తక్కువగు పిల్లల కొరకు 1984లో సికిందరాబాదున జాతీయ సంస్థ యొకటి వెలసినది. తల్లిదండ్రులకు శిక్షణ యిచ్చుట దాని పనులలో నొకటి.

ఇక ఆ తల్లి చేయవలసిన పని. నోటి మాటగా అడిగిన నోటి మాటగనే కాదందురు. కావున బిడ్డ పేరు, వయస్సు, వైద్యులు చెప్పినది, బడిలో కోరు సహాయము ఇంత యని వ్రాసి ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇవ్వవలెను. రెండవ ప్రతి మీద తేదీ, సంతకము వేయించుకొనవలెను. జవాబు రానిచో మండల విద్యాశాఖాధికారికి, అటుపై వికలాంగుల రాష్ట్ర కమిషనరునకు అదే అర్జీ నకలుతో పోవచ్చును. బిడ్డ నేర్చుకొనినది నేర్చుకొనిన దినముననే ఒక నోటుపుస్తకమున వ్రాసి యుంచవలెను. వ్రాయుట రాని తల్లికి వ్రాసిపెట్టుటకు ఈ గ్రంథాలయమున సాయంకాలము ఆరు నుండి ఎనిమిది వరకు బల్ల, దీపము, కలము ఉన్నవి; చదువుకొనిన పాఠకులును ఉన్నారు.