పరుల కథకు వ్రాయసము
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన వృద్ధుల జీవితకథలను వ్రాయు పనిలో మాకు గలిగిన యనుభవమును చెప్పుమని సంఘమువారు కోరిరి. మేము గ్రంథకర్తలము కాము. ఒకరు చెప్పగా వారి పేరనే వ్రాసిపెట్టు వ్రాయసకాండ్రము. మొదట అర్జీలు వ్రాసితిమి. పింఛనుకును పట్టాకును వచ్చినవారు, అర్జీ ముగిసిన పిదపను లేవక తమ కథ చెప్పుచుండెడివారు. అట్లీ పని మాకు తగులుకొన్నది.

ఈ పనికి జనగామ జిల్లాలోని పాలకుర్తియే పుట్టినిల్లని మా యూహ. ఆ యూరివాడుగా పేరొందిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మన మడివాలు మాచయ్య కథను చెప్పెను. ఆ యూరనే 1940ల నడుమ చిట్యాల ఐలమ్మ తాను కౌలునకు చేసిన పొలపు పంటను విసునూరు దేశముఖు పాలు గానీయక, ఆంధ్రమహాసభ కార్యకర్తల తోడ్పాటుతో ఇల్లు చేర్చుకొనెను. ఆమె కథను చెప్పినవారెందఱో. ఆమెచేతనే చెప్పించినవారు హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు. తెలంగాణ పోరాటమున నిలిచిన స్త్రీలను వెదకి, వారి పలుకులను టేపురికార్డరున పట్టి, ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథమును 1986లో వెలువరించిరి. అందు ‘నేను’ అనునది చెప్పిన స్త్రీయే గాని వ్రాసినవారు కారు. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను. వారు కొన్నాళ్లు జాగుచేసియుండిన ఆ నోటిమాట మనకు దక్కెడిది కాదు.

ఇది తెలిసియు మేము తప్పు చేసితిమి. మహబూబాబాదు ప్రాంతపు పల్లెలో ఒక ముసలమ్మ తన బ్రతుకు చెప్పెను. సవుడు మన్ను, ఉబ్బ బాన, గడీవారి బట్టల మూటలు, మాపటివేళ గంప పట్టి ఇల్లిల్లు తిరిగి తెచ్చిన బువ్వ. మేము దానిని ‘వస్త్రప్రక్షాళనము’, ‘శ్రమజీవనము’ అని తీర్చిదిద్ది, మిగుల సంతోషముతో చదివి వినిపించితిమి. ఆమె కడదాక ఓపికగా విని, “గీ అవ్వ ఎవలు బిడ్డా? మంచిగనే బతికింది” అనెను.

ఆ కాగితములను చించివేసి, ఆమె పలుకుబడిలోనే మరల వ్రాసితిమి. విని, “గిది నేనే” అని వ్రేలిముద్ర వేసెను.

అంతట ఆమె కుమారుడు వచ్చెను. అతడు భూపాలపల్లి సింగరేణి గనిలో పనివాడు. “అయ్యా, బువ్వ అడుక్కొచ్చిన ముచ్చట తీసెయ్యుండ్రి. నా పిల్లలు కాలేజిల సదువుతున్నరు” అని ప్రాధేయపడెను. తల్లి యొప్పుకొనలేదు. “నేను తిరిగితెనే నువ్వు పెరిగినవు. అది తీస్తె నా పేరు గూడ తియ్యి” అనెను.

కథ తల్లిదే, కాని నగుబాటు కుమారునిదియు గదా! స్త్రీశక్తి సంఘటనవారికిని ఇట్టి చిక్కులు వచ్చియే యుండును. మేము తల్లి పక్షమే వహించితిమి. ఒక్క యక్షరమైనను తీయలేదు. అయినను అచ్చునకు ఇయ్యలేదు. అతడు ఒకమారు తల్లి ప్రక్కన కూర్చుండి ఆ పుటలను విన్న పిదపనే ఇత్తుమని మాట యిచ్చితిమి. సెలవు దొరకలేదని అతడింకను రాలేదు. ముసలమ్మ మాత్రము వారమువారము మమ్ము పిలిపించి, మఱచితినని ఒకటి చేర్పించుచునే యున్నది.