కాఫీ పండు కోసిన పొద్దు



తెల్లవారగానే గ్లాసుడు కాఫీ కడుపులో పడితేగాని చెయ్యి ఆడనివాళ్ళలో నేనూ ఒకదాన్ని. 30 ఏళ్ళ పైచిలుకుగా రోజూ డికాక్షను దించుతున్నాను. పొడిలో చికోరీ ఎంతపాలు ఉండాలో, నీళ్ళు ఎంత కాగాలో, రెండోసారి దించిన పల్చటి డికాక్షను ఇంట్లో ఎవరి గ్లాసులో పోస్తే గొడవ రాదో, అన్నీ తెలుసు నాకు. కాఫీ చెట్టు ఎలా ఉంటుందో మాత్రం మొన్న డిసెంబరు దాకా తెలియదు.

మేముండేది బందరు. మన ప్రాంతం సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇటు గుడివాడ దాకా, అటు దివిసీమ చివర హంసలదీవి దాకా నేలంతా చాపపరిచినట్లే ఉంటుంది. కొండ చూడాలంటే బెజవాడ వెళ్ళాల్సిందే. మా మనవరాలు టీవీలో ఏదో పాత సినిమా చూసింది. అందులో హీరోయిను కొండమీద తేయాకు తోటలో బుట్ట తగిలించుకుని పాట పాడుతోంది. అంతే, "నానమ్మా, నేనూ ఆకు కోస్తాను, అక్కడికి తీసుకెళ్ళు" అని పట్టుబట్టింది. తేయాకంటే నీలగిరులకో, మున్నారుకో, అస్సాముకో పోవాలి. మా అబ్బాయికి దొరికింది నాలుగు రోజుల సెలవు. కోడలే ఉపాయం చెప్పింది. "అత్తయ్యా, అరకు వెళదాం. తేయాకు కాకపోతే కాఫీ పండు కోస్తుంది. కొండ కొండే కదా!" అని.

రాత్రి బందరులో విశాఖపట్నం రైలెక్కాం. అక్కడినుంచి కిరండూల్ రైలులో కొండెక్కాం. సొరంగాలు 50 పైచిలుకు ఉన్నాయి. మనవరాలు లెక్కపెడుతూ పెడుతూ ఇరవై ఏడో దానికి నిద్రపోయింది. మేము దిగిన బసవాళ్ళను అడిగితే, అనంతగిరి వైపు రెండెకరాల కాఫీ తోట ఉన్న ఒక గిరిజన ఇల్లాలితో మాట్లాడిపెట్టారు. పొద్దున్నే ఆరున్నరకల్లా రమ్మందిట.

సముద్రానికి 3 వేల అడుగుల ఎత్తున డిసెంబరు చలి అంటే ఏమిటో బందరు మనిషికి వెళితేగాని తెలియదు. శాలువా మీద శాలువా కప్పుకుని, మంచులో రోడ్డు దిగి, కాలిబాటన అరగంట నడిచాం. "తోట ఏదమ్మా?" అని అడిగితే ఆమె నవ్వి, "తోటలోనే నిలబడ్డారమ్మా" అంది.

నిజంగా అది నా కంటికి అడవిలాగే కనిపించింది. పైన సరుగుడు చెట్లలా నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, మధ్యలో పనస, మామిడి. ఆ మానులను పట్టుకుని మిరియాల తీగలు పాకి ఉన్నాయి. వీటన్నిటి కింద, నా భుజాల ఎత్తున, నిగనిగలాడే ముదురాకులతో కాఫీ మొక్కలు. కొండమీది కాఫీకి ఎండ తిన్నగా తగలకూడదట. పైచెట్ల ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్లు దిగిన వెలుగే దానికి కావాలి. వరిచేను మీద చెట్టునీడ పడితే కొమ్మలు కొట్టించే ఊరు మాది. నీడ కోసమే చెట్లు పెంచే వ్యవసాయం చూసి ఆశ్చర్యపోయాను.

నా నడుముకు ఒక బుట్ట కట్టింది. కొమ్మ పొడుగునా కణుపు కణుపుకూ కాయలు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. ఒకే గుత్తిలో కొన్ని ఆకుపచ్చన, కొన్ని పసుపు, కొన్ని ఎర్రన, ఒకటో రెండో నల్లబడి ఎండినవి. ఎర్రవి మాత్రమే కోయాలి. ఓస్, ఇంతేనా, చిక్కుడుకాయలు కోసినట్లే కదా అనుకున్నాను. పదినిమిషాలయ్యాక ఆమె వచ్చి నా బుట్టలో చెయ్యి పెట్టి చూసింది. ఏమీ అనలేదు. పచ్చికాయలన్నీ ఏరి పక్కన పోసింది. సగానికి సగం పోయాయి. నేను గుత్తి పట్టుకుని దూసేస్తున్నానన్నమాట. మనవరాలు పగలబడి నవ్వింది.

అప్పుడు దగ్గర నిలబడి నేర్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్క పండునే పట్టుకుని కొంచెం మెలితిప్పాలి. లాగితే కణుపు చీలుతుంది, కొమ్మ పాడవుతుంది. పచ్చికాయ పది శాతం కలిసినా గింజకు పసరు రుచి వస్తుంది. ఇవాళ వదిలిన పచ్చికాయ రెండు వారాలకు ఎర్రబడుతుంది, అప్పుడు మళ్ళీ రావాలి. అలా నవంబరు నుంచి జనవరి దాకా ఒకే మొక్క చుట్టూ మూడు నాలుగు సార్లు తిరుగుతారు. తేయాకయితే రెండాకులూ ఒక మొగ్గా చొప్పున వారం పదిరోజులకోసారి గిల్లుతూనే ఉండాలి. కాఫీకి ఏడాదికి ఒకటే పంట. ఆ పంట చెడితే మళ్ళీ ఏడాది దాకా చెయ్యి చాచేందుకు ఏమీ ఉండదు.

పండు నోట్లో వేసుకుని చూశాను. పైన తోలు, లోపల కొంచెం తియ్యటి జిగురు, ఆ జిగురులో రెండు గింజలు మొహం మొహం ఆనించుకుని పడుకుని ఉంటాయి. కాఫీ వాసన ఆవగింజంతైనా లేదు. అది నిప్పుమీద వేగితేగాని రాదు.

రెండు గంటలు కోశాను. నడుము పట్టేసింది, వేళ్ళు జిగురెక్కాయి. ఏరగా మిగిలిన పండ్లు కాటాలో కిలోన్నర తూగాయి. ఆరు కిలోల పండుకు సుమారు ఒక కిలో గింజ దిగుతుంది. అంటే నా కష్టానికి పావుకిలో గింజ. వేయించితే అందులో ఇంకా ఐదోవంతు తగ్గి 200 గ్రాముల పొడి. మా ఇంట్లో అది నాలుగు రోజులకు చాలదు!

తరువాత పని ఇంటి దగ్గర. పండ్లను ముందు నీళ్ళ తొట్టిలో పోశారు. తేలినవి తాలు, మునిగినవి గట్టివి. మనవాళ్ళు విత్తనం వడ్లను ఉప్పునీళ్ళలో పోసి తేలిన తాలు తీసెయ్యరూ, అదే పద్ధతి. పండ్లను చేత్తో తిప్పే మిషనులో వేస్తే తోలు ఒకవైపు, గింజ ఒకవైపు పడుతుంది. గింజకు అంటిన జిగురు బెండకాయ జిగురుకన్నా మొండిది. దాన్ని ఒక రాత్రి, చలి ఎక్కువైతే ఇంకొంచెంసేపు, అలాగే పులవనిస్తారు. మన ఇడ్లీ పిండికి ఉన్నట్లే దానికీ ఒక అదను ఉంది. ముందు రోజు నానేసిన గింజల్లో నన్ను చెయ్యి పెట్టి రుద్దమంది. జారిపోకుండా గులకరాళ్ళలా గరగరమంటే పులిసినట్లు. ఆ గరగర దాటనిస్తే కాఫీ పుల్లవాసన కొడుతుంది. కడిగి ఎండబెట్టడం మాత్రం మనకు ఒకరు నేర్పక్కరలేదు. పొద్దున పరవటం, గంటకోసారి తిరగదిప్పటం, మంచు పడకముందే కప్పెయ్యటం. వడియాలు పెట్టిన చేతులు కనుక ఆ ఒక్క పనిలో నన్ను ఆమె మెచ్చుకుంది.

అక్కడ కూర్చుని గింజలు తిరగదిప్పుతుండగా నేను ఊరికే ఒక మాట అడిగాను. తోటలో పడమటివైపు చెట్లన్నీ ఒకే ఈడువి, సన్నగా ఉన్నాయేమని. ఆమె చెయ్యి ఆగింది. "అవి హుద్‌హుద్ తరవాత పెట్టినవమ్మా" అంది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన ఆ తుపాను, ఈ కొండలమీద సిల్వర్ ఓక్‌లను వరసలు వరసలుగా పడగొట్టింది. వేళ్ళు పైకి లేచిన మానులు పండబోయే కాఫీ మొక్కలమీదే పడ్డాయి. నలిగినవి పోగా మిగిలిన మొక్కలకు నీడ పోయింది. ఎండ తగిలిన కాఫీకి కాండం తొలిచే పురుగు ఎక్కువగా పడుతుంది. ఆకు పసుపెక్కి, చెట్టు లోపల్లోపలే గుల్లయి ఎండిపోతుంది. ఆమె భర్త అన్నీ నరికేసి పట్నంలో కూలికి పోదామన్నాడట. ఆమె ఒప్పుకోలేదు. విరిగిన మొక్కలను నేలకు అడుగు ఎత్తున నరికి మోడులు చేసింది. మోడునుంచి చిగురు వస్తుంది. అది మళ్ళీ కాపుకు రావాలంటే రెండు మూడేళ్ళు. పైన నీడ కమ్మాలంటే ఎనిమిది పదేళ్ళు. "వరి పోతే మళ్ళీ ఏడు వస్తుంది కదమ్మా. చెట్టు పడిపోతే నీడ ఎవరిస్తారు?" అంది.

నాకు కాసేపు మాట రాలేదు. వరి పోతే మళ్ళీ ఏడు రాని ఊరు నాది. దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. ఆ వారం నేనూ అమ్మా గుడివాడలో మేనమామగారింట్లో ఉండబట్టి ఈవేళ మీతో మాట్లాడుతున్నాను. నాన్న ఊళ్ళోనే ఉండిపోయి, రాత్రంతా ఇంటి దూలం కావలించుకుని బతికారు. మాసూళ్ళకు సిద్ధంగా ఉన్న చేను కనపడకుండా పోయింది. నీళ్ళు తీశాక పొలంమీద ఉప్పు తెల్లగా పేరుకుంది. కాలువ నీళ్ళు పెట్టి నిలవగట్టటం, ఆ ఉప్పునీళ్ళు బయటికి తియ్యటం, మళ్ళీ పెట్టటం. నాన్న మట్టి చిటికెడు తీసి నాలుకకు అద్దుకుని ఉమ్మెయ్యటం నాకింకా కళ్ళకు కడుతుంది. ఒక ఏడు చూశారు. రెండో ఏడు వచ్చిన ధరకు పొలం అమ్మేసి గుడివాడలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరారు. పక్కచేను ఆయన అమ్మలేదు. ఆయన మనవలు ఇప్పటికీ అక్కడ ఊడుస్తున్నారు. ఆ పొలం సంగతి ఎత్తినప్పుడల్లా మా అమ్మ పోయేదాకా ఒకటే మాట అనేది: "ఇంకొక్క ఏడు ఓపిక పట్టాల్సింది." నాన్నకూ తెలుసు ఆ సంగతి. కానీ ఆ ఒక్క ఏడు ఇంట్లో ఏం వండుకుంటారు?

అదే అడిగాను ఆమెను, "ఆ రెండు మూడేళ్ళు ఎలా గడిపావు తల్లీ?" అని. నిలబడిన చెట్లమీది మిరియాలు కొంత ఆదుకున్నాయిట. ఇద్దరూ ఊళ్ళో కూలికి వెళ్ళారు. కింద రాగులు వేశారు. ఒక షావుకారు వచ్చి, మిగిలిన మొక్కలమీది కాయలు పచ్చిగా ఉండగానే గంపగుత్తగా బేరమాడి బయానా ఇస్తానన్నాడట. తీసుకుంటే ఆ నెల తిండి గడిచేది. కానీ వాళ్ళు వచ్చి పచ్చీ పండూ చూడకుండా దూసుకుపోతారు, కణుపులు చీలిపోతాయి. "మోడుకు చిగురు వస్తోందమ్మా, ఎలా ఇవ్వను?" అంది. ఇప్పుడు గిరిజన సహకార సంస్థా, ఇంకా ఒకటి రెండు సంస్థలూ కొంటున్నాయి కనుక బేరం చెయ్యగలుగుతోంది. పండు పక్వానికి వచ్చినదయితే ధర వేరు. ఆ ధర కోసమే నా బుట్టలో చెయ్యి పెట్టి చూసింది.

ఈ కొండల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన బందరు లడ్డుకు వచ్చినట్లే. అంతకుముందే 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్ నగరంలో దుకాణం కూడా పెట్టారు. ఆ మాట చెబితే ఆమె, "అక్కడివాళ్ళు పాలు పోసుకుంటారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. తను మాత్రం కాఫీ అంతగా తాగదు. మాకోసం పొయ్యిమీద గింజలు మూకుట్లో వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి కాచి ఇచ్చింది. చికోరీ లేదు, పాలు లేవు. మొదటి గుక్క చేదనిపించింది. గ్లాసు దించేసరికి ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది.

వచ్చేటప్పుడు ఒక కిలో గింజ కొన్నాను. బేరమాడటానికి నోరు తెరిచి, మూసుకున్నాను. బజారులో పావలాకు కూడా బేరమాడే మనిషినని మా కోడలికి తెలుసు. ఏమీ అనకుండా నావైపు చూసింది.

బందరు వచ్చి, ఆ గింజ వేయించి పొడి కొట్టించి, చికోరీ కలపకుండా మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడకు ఎనభై దాటాయి. "ఇదేమిటే, రంగు లేదు, చిక్కదనం లేదు" అని గ్లాసు పక్కన పెట్టేశారు. మూడో రోజు పొద్దున మామూలు పొడితో కాఫీ ఇస్తే, "ఆ కొండ కాఫీ అప్పుడే అయిపోగొట్టారూ?" అని అడిగారు.

మార్చి ఏప్రిల్‌లలో నాలుగు చినుకులు పడితే తోటంతా ఒక్కసారి తెల్లగా పూస్తుందట. వాసన అచ్చం మల్లెపూలేనట. నాలుగు రోజులకంటే నిలవదుట. "వాన పడగానే ఫోను చేయిస్తాను, ఆ పిల్లను తీసుకురండి" అంది ఆమె. అప్పటికి బడి పరీక్షలు వస్తాయని మా అబ్బాయి అంటున్నాడు. మనవరాలు మాత్రం వంటింటి గోడమీది క్యాలెండరులో మార్చి నెల పేజీ మీద ఎర్ర పెన్సిలుతో ఒక పండు బొమ్మ వేసి పెట్టుకుంది. పువ్వు బొమ్మ వెయ్యాలే అంటే, "పువ్వు ఎలా ఉంటుందో చూస్తేగా నానమ్మా!" అంటోంది.