మిద్దె మీద సోలార్ – తీగ ఖర్చు ఎవరిది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వడమాలపేట ప్రాంతంలో సేద్యం బోరు మీద, బోరు కరెంటు మీద ఆధారపడింది. 2004 మే నెలలో రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది. ఉచితమన్నా ఖర్చు పోదు. సబ్సిడీ రూపంలో మన పన్నుల నుండే పోతుంది. మోటారు ఎండ ఉన్నప్పుడే తిరిగితే బ్యాటరీ ఖర్చు ఉండదు. అందుకే 2021లో పగటి సేద్యానికని 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తుకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున ఒప్పందం జరిగింది.

ఇక మన ఇళ్ల సంగతి. 2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉన్నది. పెన్షన్‌దారులకు మేలే. నేనూ పెట్టించుకోదలచాను. అయితే పెద్ద బిల్లులు కట్టేవారు ముందుగా సోలార్‌కు మారితే స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మిగిలినవారి మీద పడుతుంది. బాడుగ ఇంటివారికి సొంత మిద్దె ఏది? రాత్రయితే మనకూ ఆ తీగే దిక్కు.

కనుక తీగకు న్యాయమైన బాడుగ మనమూ కడతామని, ఆ భారం బీదలపై వేయవద్దని, విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణలో మన సంఘం చెప్పాలని నా ప్రతిపాదన. పెద్దలు ఆలోచించగలరు.

సెలవు.